కీర్తిశేషుల చెడుగుడు జట్టు

చిట్టివాగు ఒడ్డున ఒక కాలేజీ ఉండేది. రెండు గదులు, ఒక రేకుల షెడ్డు, ఒక గంట, ఆ గంట కొట్టడానికి ఒక వడ్రంగిపిట్ట. చదువు సంగతి నన్నడక్కండి. తరగతి జరుగుతుంటే సగంమంది కిటికీలోంచి మెడ చాపి బయట గడ్డి మేస్తూ కనిపించేవారు. కానీ సాయంత్రం నాలుగైతే చాలు, కాలేజీ వెనకాల ఎర్రమట్టి బరి చుట్టూ సగం అడవి పోగయ్యేది. చిట్టివాగు చెడుగుడు జట్టు ఆట అలాంటిది మరి.

జట్టు కెప్టెను కుందనం అనే కుందేలు. కూత మొదలుపెడితే అవతలివాళ్ళకు ఊపిరాడదు గాని దాని కూత మాత్రం తెగేది కాదు. కుడివైపు మంగతాయి అనే మేక, కాళ్ళు పట్టుకోవడానికి అది పెట్టింది పేరు. మధ్యలో ముత్యాలు అనే ముంగిస. ఎడమ మూల తాతబ్బాయి అనే తాబేలు. తాతబ్బాయి ఆఖరి సంవత్సరంలో చేరి పదకొండేళ్ళయింది. నెమ్మదిగా చదువుతున్నాననేది. అది ఒకసారి పట్టు బిగిస్తే ఎవరూ విడిపించలేరు కాబట్టి పాసవమని కాలేజీ కూడా తొందరపెట్టలేదు. మరో ముగ్గురు ఉడతలు. వాటికి పేర్లున్నాయి గాని ఏది ఏదో వాటి తల్లికే తెలియదు.

వీళ్ళకు ఆట నేర్పింది వీరభద్రయ్య మాస్టారు. కాడి మోసి మోసి మెడ కాయలు కాసిన ముసలి ఎద్దు. ఆ మాస్టారికి ఒక అలవాటుంది. రోజూ ఆట అయ్యాక ఒక నల్ల అట్ట పుస్తకం తీసి, ఎవరు ఎలా చచ్చారో రాసుకునేది. చెడుగుడు ఆడినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆటలో దొరికిపోయినవాణ్ణి ఔటయ్యాడనరు, చచ్చాడంటారు. చచ్చినవాడు గీత అవతల కూర్చుంటాడు. తన జట్టువాళ్ళు అవతలి జట్టులో ఒకణ్ణి చంపితే ఇటు ఒకడు లేచి మళ్ళీ బరిలోకొస్తాడు. కూతకెళ్ళినవాణ్ణి ఎంతమంది పట్టినా, కూత తెగకుండా వాడు మధ్య గీత ముట్టుకుంటే పట్టినవాళ్ళందరూ చస్తారు. అంతే. చావూ బతుకూ అరనిమిషం తేడా.

అయితే ఇదంతా ఊరికే సాయంకాలం సరదా కాదు. ఏటా ఎండాకాలం ముందు నాలుగడవుల పోటీ జరిగేది. అందులో ఆడినవాళ్ళలోంచే అడవి కాపలా దళానికి మనుషుల్ని, అంటే జంతువుల్ని, ఎంచుకునేవారు. ఆ దళంలో అన్నీ చిరుతలూ తోడేళ్ళూ ఏనుగులే. కుందేళ్ళ బొరియలున్న మిట్ట వైపు కాపలా అనేది ఒక్కరోజూ వచ్చిన పాపాన పోలేదు. పోయినేడు అక్కడ కుందనం చెల్లెల్ని గద్ద ఎత్తుకుపోయింది. కాపలా దళం నాలుగు రోజుల తర్వాత వచ్చి, ఎత్తుకుపోయిన గద్ద పేరేమిటని అడిగి వెళ్ళింది. ఆ రోజే కుందనం ఒట్టు పెట్టుకుంది, కాపలా దళంలో చేరతానని. ఇది దానికి ఆఖరి సంవత్సరం. ఈ ఏడు పోటీలో ఆడకపోతే మళ్ళీ అవకాశం లేదు.

సరిగ్గా ఆ ఏడే విలీనం వచ్చిపడింది.

దాన్ని మోసుకొచ్చింది జంబుకేశ్వరరావు అనే నక్క. పెద్దకొండ విశ్వవిద్యాలయానికి రిజిస్ట్రారు. మెడలో కళ్ళజోడు గొలుసు, చంకలో ఫైలు, ముఖం మీద నవ్వు. ఆ నవ్వు చూసినవాళ్ళు ఇంటికెళ్ళి తమ పిల్లల్ని లెక్కపెట్టుకునేవారు.

"శుభవార్త!" అంది నక్క, కాలేజీ అందర్నీ షెడ్డు కింద కూచోబెట్టి. "ఇవాళ్టినించి మీ కాలేజీ మా విశ్వవిద్యాలయంలో విలీనం."

"విలీనమంటే ఏంటండి?" అంది మంగతాయి.

"చిన్న వాగెళ్ళి పెద్ద నదిలో కలవడం. ఎంత గౌరవం!"

తాతబ్బాయి చిప్పలోంచి మెల్లిగా తల బయటపెట్టింది. "కలిశాక వాగు పేరు ఉంటదాండి?"

"నది పేరే వాగు పేరు."

"మరి నీళ్ళండి?"

"నీళ్ళు నదివి."

"మరి వాగుకి మిగిలేదేంటండి?"

"ఇసుక," అంది ముత్యాలు పక్కనించి. అందరూ నవ్వారు. నక్క కూడా నవ్వింది. కాకపోతే ముత్యాలు పేరు ఫైలులో రాసుకుని నవ్వింది.

మాస్టారు మెడ వంచి లేచింది. "అయ్యా, చదువుల గొడవ నాకు తెలీదండి. మా చెడుగుడు జట్టు ఉంటదా?"

"ఒకే విశ్వవిద్యాలయం, ఒకే జట్టు. పెద్దకొండకు తోడేళ్ళ జట్టుంది. అయినా మేం అన్యాయం చేసేవాళ్ళం కాం. ప్రతి కాలేజీ జట్టునూ పరిశీలిస్తాం. బావుంటే ఉంచుతాం."

"అయితే సాయంత్రం నాలుగింటికి బరి దగ్గరకు రండి బాబూ. ఆట చూద్దురుగాని."

నక్క జాలిగా చూసింది. "ఆట చూస్తే ఆట గురించి ఏం తెలుస్తుంది మాస్టారూ? రిజిస్టరు పంపండి."

మాస్టారి దగ్గర రిజిస్టరంటూ ఏమీ లేదు. ఉన్నదల్లా నల్ల అట్ట పుస్తకం. అదే పంపింది. ఎద్దు కదా, అడిగింది ఇవ్వడమే తెలుసు దానికి.

నిజానికి నక్క రిజిస్టరు అడక్కముందే సంగతి తేల్చేసుకుంది. వస్తూ వస్తూ బరి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. చదునైన ఎర్రనేల, పక్కనే వాగు, వాగులో పీతలు. ప్రముఖులు దిగడానికి అతిథి గృహం కడితే ఎంత దివ్యంగా ఉంటుంది! ఆ ప్రముఖుల్ని చూసుకోవడానికి రిజిస్ట్రారుగారు వారానికి నాలుగు రోజులు ఇక్కడే బస చేయాల్సి రావచ్చు. తప్పదు. బాధ్యత అలాంటిది.

అందుకని మధ్యాహ్నం రేకుల షెడ్డు నీడలో కూచుని, పీతల వేపుడు తింటూ, నల్ల పుస్తకం తెరిచింది. ఎక్కడ తెరిచింది? ఆఖరి పేజీ. రిజిస్ట్రార్లు ఆఖరి పేజీయే చదువుతారు. ముందు పేజీలన్నీ పాత సంగతులట, తాజా పరిస్థితి ఆఖరి పేజీలోనే ఉంటుందట. ఆ పేజీలో ముందురోజు పాత విద్యార్థులతో ఆడిన ఆట తాలూకు రాత ఉంది:

"కుందనం – కూత మధ్యలో దగ్గొచ్చి చచ్చింది. ముత్యాలు – గీత దాటి చచ్చింది. మంగతాయి – వెనక కాలు దొరికిపోయి చచ్చింది. ఉడతలు ముగ్గురు – ఒకే దెబ్బకు చచ్చారు. తాతబ్బాయి – ఒంటరిగా చాలాసేపు నిలబడి, నలుగురు మీద పడగా చచ్చింది. అందరూ ధైర్యంగా చచ్చారు. నాకు సంతోషంగా ఉంది. – వీరభద్రయ్య."

నక్క చేతిలోని పీత జారి కింద పడింది.

"దగ్గొచ్చి చచ్చిందా!" అంది పైకే. "ఏడుగురికి ఏడుగురూ! పైగా ఈ ఎద్దుకు సంతోషమట! ఏం గుండెరా బాబూ!"

అనడమైతే అంది గాని, వెంటనే పీత తీసుకుని దుమ్ము ఊది నోట్లో వేసుకుంది. జన్మలో ఒక్కసారైనా బరిలో కాలు పెట్టి ఉంటే ఆ రాత అర్థమయ్యేది. పెట్టలేదు. చిన్నప్పుడు అందరూ చెడుగుడు ఆడుతుంటే అది ఒడ్డున కూచుని, ఆడేవాళ్ళ చొక్కాలకు కాపలా ఉండేదట. ఆట అయ్యాక చొక్కాలు ఒకటో రెండో తగ్గేవట కూడా.

గేటు అవతల అప్పుడే మంగతాయి గడ్డి నెమరేస్తూ నిలబడి ఉంది. తలెత్తి చూస్తే కనిపించేది. కానీ ఫైలు ముందున్నప్పుడు తల ఎత్తే అలవాటు రిజిస్ట్రారుగారికి లేదు.

మూడో రోజుకు ఉత్తర్వు వచ్చింది. కింద వైస్ ఛాన్సలరు సింహాచలంగారి పంజా ముద్ర. సింహాచలంగారు అడవికి రాజు కూడానూ, సింహం. భోజనం అయ్యాక ముందు ఏ కాగితం పెడితే దానిమీద పంజా వేసి పడుకోవడం ఆయనగారి పద్ధతి. ఉత్తర్వు కుందనమే చదివింది, బరి మధ్యలో నిలబడి, అందరూ వినేలా:

"చిట్టివాగు కళాశాల చెడుగుడు జట్టు సభ్యులు ఏడుగురూ మృతి చెందినందున సదరు జట్టును రద్దు చేయడమైనది. సదరు సభ్యుల పేర్లు విశ్వవిద్యాలయ జాబితానుంచి తొలగించడమైనది. ఆటస్థలం ఖాళీ అయినందున అతిథి గృహ నిర్మాణానికి కేటాయించడమైనది. మృతుల ఆత్మలకు శాంతి కలుగుగాక."

దాంతోపాటు ఒక బంతిపూల దండ కూడా పంపారు. దండ బావుందని మంగతాయి సగం తినేసింది.

"ఒసే, అది మన పాడె మీద వెయ్యడానికే!" అంది ముత్యాలు.

"నా దండ నేను తింటే తప్పేంటి?" అంది మంగతాయి నములుతూనే.

అందరూ నవ్వారు. కుందనం మాత్రం నవ్వలేదు. కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, "పోటీకి ఇంక పదిరోజులే ఉంది మాస్టారండీ," అంది. దాని గొంతులో కూత పెట్టేటప్పటి బలం లేదు. పుస్తకం పంపింది మాస్టారే. ఆ రాత రాసింది తనే. సిగ్గుతో ఎర్రమట్టిలో కాలిగిట్టతో గుంట తవ్వుతూ నిలబడింది. చివరికి, "పదండి," అంది. "ఏడుగుర్నీ తీసుకెళ్ళి చూపిస్తాను. కళ్ళున్నాయి కదా ఆయనకి."

కళ్ళున్నాయి. పెద్దకొండ ఆఫీసులో నక్క ఏడుగుర్నీ పైనుంచి కిందదాకా చూసింది. చూడగానే సంగతి అర్థమైపోయింది. తర్వాత ఆలోచించుకుంది. పొరపాటని ఒప్పుకుంటే సింహానికి చెప్పాలి. పంజా వేసిన కాగితం తప్పుడు కాగితమని సింహంతో చెప్పినవాళ్ళెవరూ సాయంత్రం ఇంటికి చేరలేదు. పైగా అతిథి గృహానికి ముగ్గు పోయడం కూడా అయిపోయింది.

"ఎవరు వీళ్ళు?" అంది నక్క.

"మా జట్టండి. బతికే ఉన్నారు బాబూ, చూడండి," అంది మాస్టారు.

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేంటండి, ఎదురుగా ఉంటే!"

"ఎదురుగా ఉండటం వేరు, రికార్డులో ఉండటం వేరు మాస్టారూ. బతికున్నట్టు ధ్రువపత్రం కావాలి."

"అది ఎవరిస్తారండి?" అంది కుందనం.

"రిజిస్ట్రారు."

"అంటే తమరే కదండి?"

"నేనే."

"మరి ఇప్పించండి."

"దరఖాస్తు పెట్టుకో."

"ఇదిగోనండి, తెచ్చాను."

నక్క కళ్ళజోడు తీసి తుడిచింది. "చనిపోయినవాళ్ళ దరఖాస్తు మేం తీసుకోం. అది మా నియమం."

ముత్యాలు కోపంతో ఒళ్ళు బిరుసెక్కించుకుంది. కుందనం దాని తోక పట్టి వెనక్కి లాగింది. "అయ్యా, జట్టు పోతే పోయింది. నన్నొక్కదాన్ని పెద్ద జట్టు ఎంపికకు రానివ్వండి. బాగా ఆడకపోతే పంపెయ్యండి."

"అమ్మాయీ, నీ బాధ నాకు తెలుసు," అంది నక్క. బాధ తెలిసినవాళ్ళ గొంతు దానికి బాగా వచ్చు. "కానీ చచ్చినవాళ్ళని ఆడించామని రేపు ఎవరైనా అడిగితే విశ్వవిద్యాలయం పరువేం కావాలి? ఈ ఏటికి ఓర్చుకో."

"నాకు వచ్చే ఏడు లేదండి."

"అదీ నిజమే. ఈ ఏడే లేదు నీకు," అని నక్క తన చమత్కారానికి తనే నవ్వుకుని గంట కొట్టింది, తర్వాతివాళ్ళను రమ్మని.

తిరుగు దారిలో తాతబ్బాయి అందరికంటే వెనక నడుస్తోంది, ఎప్పటిలాగే. వాగు దాటాక, "ఒక్క మాటండి," అంది. అందరూ ఆగారు. తాతబ్బాయి ఒక్క మాటకు సాధారణంగా పావుగంట పడుతుంది.

"నాలుగడవుల పోటీ రూల్సు పదకొండేళ్ళబట్టీ చదువుతున్నానండి, పరీక్షలకు బదులు. విశ్వవిద్యాలయం పిల్లలు వేరే జట్టు పేరున ఆడకూడదని ఒక రూలుందండి. ఆయ్."

"అదే కదా మన ఖర్మ," అంది మంగతాయి.

"విశ్వవిద్యాలయానికి చెందని ఏడుగురు ఎవరైనా, సొంత పేరు పెట్టుకుని ఆడొచ్చని ఇంకో రూలుందండి. చెందరని రిజిస్ట్రారు కాగితం చూపిస్తే చాలండి."

"ఆ నక్క మనకు కాగితమిస్తుందా!"

తాతబ్బాయి నెమ్మదిగా కుందనం చేతిలోని ఉత్తర్వు వైపు మెడ చాపింది. "ఇచ్చిందిగాండి. పేర్లు తీసేశామని. పంజా ముద్ర కూడా ఉందండి."

కుందనం చెవులు రెండూ ఒక్కసారి నిలబడ్డాయి. తర్వాత వాగు ఒడ్డున నవ్వు మొదలైంది. ఎంతలా నవ్వారంటే, ఉడత ఒకటి నవ్వి నవ్వి నీళ్ళలో పడితే మాస్టారు తోక అందించి పైకి లాగాల్సి వచ్చింది.

జట్టు పేరు రాయమంటే కుందనం ఆలోచించకుండా రాసేసింది: కీర్తిశేషుల జట్టు, చిట్టివాగు.

పోటీలకు రెఫరీ భల్లయ్య. ముసలి ఎలుగుబంటి. ఎవరి మాటా వినదు, ఎవరి మొహమూ చూడదు, రూలు పుస్తకం మాత్రం చూస్తుంది. దరఖాస్తు, ఉత్తర్వు రెండూ చదివింది. రెండుసార్లు చదివింది.

"మీరు చచ్చారా?" అంది.

"రికార్డులో చచ్చామండి," అంది కుందనం.

"ఆడగలరా?"

"ఆడతామండి."

"చచ్చినవాళ్ళు ఆడకూడదని పుస్తకంలో లేదు," అని ముద్ర గుద్దింది.

బరిలో ఎవరూ ఎవర్నీ తినకూడదు. నాలుగడవులూ గొడవపడకుండా ఒప్పుకున్న రూలు అదొక్కటే. ఆ ధైర్యంతో కీర్తిశేషులు బరిలోకి దిగి, మొదటి రోజు పక్క అడవి నక్కల జట్టునీ, రెండో రోజు ముళ్ళపందుల జట్టునీ ఓడించారు. ముళ్ళపందుల్ని పట్టుకోవడం ఎలాగో మాస్టారు నేర్పిందేమీ లేదు. తాతబ్బాయి చిప్పలో ముడుచుకుని వాటి కాళ్ళకు అడ్డం దొర్లింది, అంతే. జనం పేరు పట్టుకున్నారు. బరి చుట్టూ ఒకటే కేకలు: "కీర్తిశేషులకూ... జై!"

మూడో రోజు ఆఖరి ఆట. ఎదురుగా పెద్దకొండ తోడేళ్ళు. సింహాచలంగారు స్వయంగా విచ్చేశారు. పక్కన విసనకర్రతో జంబుకేశ్వరరావు. తోడేళ్ళకు మెత్తటి చాపల మీద ఆడటం అలవాటు. మట్టి బరి చూసి మొహాలు చిట్లించుకున్నాయి. అయినా తోడేళ్ళు తోడేళ్ళే. బలం ఉంది, ఎత్తుంది, పొట్ట నిండా తిండి ఉంది. ఆట సగానికి కీర్తిశేషుల్లో నలుగురు మళ్ళీ చచ్చారు. మంగతాయీ, ముత్యాలూ, రెండు ఉడతలూ గీత అవతల కూచున్నాయి. ఇంకాసేపటికి మూడో ఉడతా పోయింది. ఆ తర్వాత తాతబ్బాయి కూడా. ముగ్గురు పట్టి ఎత్తితే గాని అది గీత దాటలేదు.

మిగిలింది కుందనం ఒక్కతే. అవతల నలుగురు తోడేళ్ళు. వెనకబడింది మూడు పాయింట్లు. ఒకే ఒక్క కూతకు సమయం ఉంది.

మాస్టారు కళ్ళు మూసుకుంది. చూడలేకపోయింది, నిజంగానే.

"చెడుగుడు గుడుగుడు గుడుగుడు..." కుందనం గీత దాటింది. ఒక తోడేలు ముక్కు మీద తట్టింది. రెండోదాని కాళ్ళ సందున దూరి అవతలికి తేలింది. అంతలో నలుగురూ ఒక్కసారి మీద పడ్డారు. కుందేలు కనిపించడం మానేసింది. నాలుగు తోడేళ్ళ గుట్ట మాత్రమే కనిపిస్తోంది. నక్క విసనకర్ర ఆపి, "అయిపోయింది ప్రభూ," అంది.

అయిపోలేదు. ఆ గుట్ట కిందినుంచి సన్నగా, తెగకుండా వస్తూనే ఉంది: "గుడుగుడు గుడుగుడు గుడుగుడు..."

గుట్ట కొంచెం కదిలింది. ఇంకొంచెం. తోడేళ్ళు నడుం పట్టుకున్నాయి, కాళ్ళు పట్టుకున్నాయి, మెడ పట్టుకున్నాయి. చెవుల సంగతి ఎవరికీ తట్టలేదు. తోడేళ్ళకు అంతంత చెవులుండవు కదా. రెండు పొడుగాటి చెవులు గుట్ట కిందనుంచి బయటికొచ్చి, నేలమీద సాగి సాగి, మధ్య గీతకు తగిలాయి.

భల్లయ్య ఈల ఊదింది. బరిలోకి దిగి, వంగి, చెవినీ గీతనూ ముక్కు పెట్టి చూసింది.

"చెవి ఒంట్లో భాగమేనా?" అంది తోడేళ్ళ కెప్టెను రోషంగా.

"నీది పీకి చూద్దామా?" అంది భల్లయ్య. "నలుగురూ చచ్చారు. ఆట అయిపోయింది. కీర్తిశేషులు గెలిచారు!"

గీత అవతలినుంచి కీర్తిశేషులు లేచి పరుగెత్తుకొచ్చారు. జనం బరిలోకి దూకారు. గెలుపు కప్పు కుందనం చేతికొచ్చింది. మాస్టారు కళ్ళు తెరిచి, ఏం జరిగిందో ఉడతనడిగి, మళ్ళీ కళ్ళు మూసుకుని ఏడ్చింది.

సింహం మాత్రం జూలు విదిల్చింది. "మనం ఓడామా?" అంది. అంతే. ఆ రెండు మాటలకే విసనకర్ర నక్క చేతిలోంచి జారిపోయింది.

అక్కడ నోరు మూసుకుని ఉంటే నక్కకు ఏ బాధా ఉండేది కాదు. తోడేళ్ళ మీద తోసేసి బయటపడేదే. కానీ తెలివి ఎక్కువున్నవాళ్ళకు ఊరుకోవడం చేతకాదు.

"ఓడడమేమిటి ప్రభూ! గెలిచాం!" అంది. "ఆ కుందేలు మనదే! చిట్టివాగు మనలో విలీనమైంది కదా, వాళ్ళు మన విద్యార్థులే. కప్పు మనదే! ఇదంతా నా విలీనం మహిమే ప్రభూ!" అంటూ బరిలోకి పరుగెత్తి, కుందనం చేతిలోంచి కప్పు అందుకోబోయింది.

భల్లయ్య అడ్డం నిలబడింది. "వీళ్ళు మీ విద్యార్థులా?"

"నిక్షేపంగా!"

"బతికే ఉన్నారా?"

"చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉన్నారో!"

భల్లయ్య చంకలోంచి కాగితం తీసి, తీరిగ్గా విప్పి, అడవి అంతా వినేలా చదివింది. "మృతి చెందినందున" అన్నచోట ఆగింది. "కింద పంజా ముద్ర తమరిదేనా ప్రభూ?" అంది.

సింహం కాగితం చూసింది. తన పంజా చూసుకుంది. "జంబుకేశ్వరరావూ, నేను దేనిమీద పంజా వేశాను?"

"అది... అది ఆటలో చావు ప్రభూ. చెడుగుడులో చచ్చారంటే నిజంగా చచ్చినట్టు కాదు."

"ఆ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు ప్రభూ!"

"తెలిసే చచ్చారని రాసి, నాచేత పంజా వేయించావా?"

నక్క గతుక్కుమంది. "లేదు ప్రభూ, అప్పటికి తెలీదు!"

"ఆట తెలియకుండానే జట్టు తీసేశావా?"

అటు చెబితే మోసగాడు, ఇటు చెబితే దద్దమ్మ. మూడో జవాబు కోసం నక్క ఫైలు వెతుక్కుంది. ఫైలు పీతల నూనె మరకలతో కంపు కొడుతోంది గాని అందులో జవాబు లేదు.

సింహం కూడా ఇరుకున పడింది. ముద్ర తప్పంటే తన పరువు పోతుంది. ఒప్పంటే కప్పు పోతుంది. "ఇప్పుడు వీళ్ళను బతికించడం ఎలా?" అని గొణిగింది.

కుందనం ముందుకొచ్చి వంగి దణ్ణం పెట్టింది. "చెడుగుడులో దానికి రూలుందండి ప్రభూ. ఇటు చచ్చినవాళ్ళు లేవాలంటే అటు ఒకరు చావాలండి."

"అటు ఎవరు?" అంది సింహం.

పెద్దకొండ వాళ్ళందరూ, తోడేళ్ళతో సహా, నక్కనుంచి ఒక్క అడుగు వెనక్కి వేశారు. బరి మధ్యలో అదొక్కటే మిగిలింది. జన్మలో బరిలో కాలు పెట్టడం అదే మొదటిసారి దానికి.

"కూత పెట్టు," అంది సింహం.

నక్క సన్నగా "చెడు..." అంది. ఊపిరి అందలేదు. ఆగిపోయింది.

మాస్టారు కళ్ళు తుడుచుకుని, నల్ల అట్ట పుస్తకం తెరిచి, ఆఖరి పేజీలో నిదానంగా రాసింది: "జంబుకేశ్వరరావు – కూత రాక చచ్చింది. ధైర్యంగా చావలేదు." సింహం దాని కింద పంజా వేసింది. ఈసారి చదివి వేసింది.

ఎర్రమట్టి బరి చిట్టివాగుకే మిగిలింది. కుందనం కాపలా దళంలో చేరింది. మొదటి వారమే మిట్ట వైపు గస్తీ వేయించుకుంది. గద్దలు ఇప్పుడు అటు వచ్చే ముందు తమ పేరు ఎవరైనా అడుగుతారేమోనని ఆలోచించుకుంటున్నాయట. రిజిస్ట్రారు పని పోయిన నక్కకు రోజూ సాయంత్రం నాలుగింటికి ముందు బరి చుట్టూ సున్నంతో గీతలు గీసే పని ఇచ్చారు. వంకరగా గీస్తే ఉడతలు చెరిపేస్తాయి. మళ్ళీ గీస్తుంది.

సింహాచలంగారు మాత్రం మరుసటి ఏడు సభలో, చిట్టివాగు జట్టు తన హయాంలోనే బతికిందని చెప్పుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. విలీనం బోర్డు కూడా అలాగే ఉంది. అదే విలీనంలో పోయిన పక్కవాగు కప్పల ఈత జట్టు సంగతి ఎవరూ అడగలేదు. వాళ్ళను చచ్చారని కూడా ఎవరూ రాయలేదు. అందుకే వాళ్ళు ఇంకా లేవలేదు.

నీతి: ఆట చూడనివాడి చేతికి జట్టు జాబితా ఇస్తే, బతికున్నవాళ్ళు తమ సంతాప సందేశం తామే చదువుకోవాలి.